బలానికని వాడిన విటమిన్లు, 13.4కి చేరిన కాల్షియం: ఒక కిడ్నీ కేసు

ఆవిడకు 61 ఏళ్లు. కనిగిరి వైపు ఒక ఊళ్లో చిల్లర కొట్టు నడుపుకుంటారు. షుగర్ వచ్చి పద్నాలుగేళ్లయింది, బీపీకి పదేళ్లుగా మందులు వాడుతున్నారు. రెండేళ్ల క్రితం కిడ్నీ జబ్బు బయటపడింది. అప్పటి నుంచి క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన మలినం, కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరుగుతుంది) 1.5, 1.6 దగ్గరే తిరుగుతోంది, కిడ్నీ వడపోత శక్తిని చెప్పే ఈజీఎఫ్‌ఆర్ 36 నుంచి 39. అంటే కిడ్నీ జబ్బు ఐదు దశల్లో 3బి దశ. ఈ దశలో ఉన్నవాళ్లు షుగర్, బీపీ అదుపులో పెట్టుకుంటే డయాలిసిస్ మాట లేకుండా ఏళ్ల తరబడి నెట్టుకొస్తారు. ఈవిడా అలాగే నెట్టుకొస్తారని నా లెక్క. మూడు నెలలకోసారి రావాల్సిన మనిషి ఏడు నెలలు కనపడలేదు. వచ్చిన రోజు క్రియాటినిన్ 3.4.

ఈ కేసు రాయడానికి ఆవిడా, ఇంట్లోవాళ్లూ ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, పరీక్షల అంకెలు మార్చలేదు.

వచ్చినప్పుడు పరిస్థితి

కోడలు చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించుకొచ్చింది. మూడు వారాలుగా అన్నం సహించడం లేదు. వికారం. విరేచనం నాలుగైదు రోజులకోసారి. నోరు పిడచగట్టుకుపోతోంది, పగలంతా మగత. కొట్లో చిల్లర లెక్క తప్పుతున్నారని కోడలు చెప్పింది. జీవితమంతా నోటి లెక్కతో వ్యాపారం చేసిన మనిషి విషయంలో అది చిన్న మాట కాదు. రాత్రుళ్లు నాలుగైదు సార్లు మూత్రానికి లేస్తున్నారు. ఆ సంగతి మాత్రం ఆవిడ కాస్త ధీమాగానే చెప్పారు.

"నీళ్లు బాగా పోతున్నాయి సార్. కిడ్నీలు బాగానే పనిచేస్తున్నాయనుకున్నా."

మా రోగుల్లో ఈ నమ్మకం బాగా పాతుకుపోయింది. మూత్రం ఎంత వస్తోందన్నది వేరు, దాంతోపాటు మలినాలు ఎంత పోతున్నాయన్నది వేరు. ఎక్కువగా రావడమే కొన్నిసార్లు జబ్బు లక్షణం. ఈవిడ విషయంలో జరిగింది అదే.

బీపీ 108/66. ఎప్పుడూ 140 దగ్గర ఉండే మనిషి. నాలుక ఎండిపోయి ఉంది, బరువు నాలుగు కిలోలు తగ్గారు, కాళ్ల వాపు లేదు. మాట్లాడుతుంటే చేతివేళ్లు అప్పుడప్పుడూ ఉలిక్కిపడినట్టు అదురుతున్నాయి. మోకాళ్ల నొప్పులున్న కిడ్నీ రోగికి ఉన్నట్టుండి క్రియాటినిన్ పెరిగితే నేను మొదట అడిగేది నొప్పి బిళ్లల గురించే. "మీరు వద్దన్నాక ముట్టలేదు సార్" అన్నారు. కోడలు కూడా అదే మాట చెప్పింది. అది నిజమేనని తర్వాత తేలింది.

రక్త పరీక్షల్లో కాల్షియం 12.9. రక్తంలో కాల్షియంను మోసే ప్రోటీన్ ఆల్బుమిన్ 3.4 మాత్రమే ఉంది కాబట్టి దానికి తగ్గట్టు సరిచేస్తే 13.4. మామూలుగా 8.5 నుంచి 10.5 మధ్య ఉండాలి. ఫాస్ఫరస్ 4.9, హిమోగ్లోబిన్ 10.4, షుగర్ 212. ఈసీజీలో క్యూటీ విరామం కుదించుకుపోయింది, అది కాల్షియం పెరిగినప్పుడు కనపడే గుర్తు. అల్ట్రాసౌండ్‌లో కిడ్నీలు కొద్దిగా చిన్నవిగా ఉన్నాయి, రాళ్లు లేవు, ఎక్కడా అడ్డు లేదు.

కాల్షియం అంత ఎక్కువగా ఉంటే కిడ్నీ రెండు విధాలా దెబ్బతింటుంది. లోపలికి రక్తం తెచ్చే నాళాలు ముడుచుకుపోతాయి. నీటిని పట్టి వెనక్కి లాగే శక్తి పోతుంది, అందుకే అంత మూత్రం. నీరు పోయి ఒళ్లు ఎండితే కిడ్నీకి రక్తం ఇంకా తగ్గుతుంది, ఎండిన కిడ్నీ కాల్షియంను బయటికి పంపలేదు. ఒకటి ఇంకోదాన్ని పెంచుకుంటూ పోతుంది. వికారం, మలబద్ధకం, మగత, లెక్క తప్పడం, అన్నీ దీని కిందికే వస్తాయి.

మరి కాల్షియం ఎందుకు పెరిగింది? కిడ్నీ జబ్బు ముదిరేకొద్దీ కాల్షియం తగ్గే వైపు, రక్తంలో కాల్షియంను పెంచే పారాథైరాయిడ్ హార్మోన్ (పీటీహెచ్) పెరిగే వైపు వెళ్తాయి. ఈవిడకు రెండూ ఎదురు దిక్కులో ఉన్నాయి. నిరుడు 92 ఉన్న పీటీహెచ్ ఇప్పుడు 6. అంటే గ్రంథి తన పని తాను ఆపేసుకుంది, కాల్షియం ఇంకెక్కడి నుంచో వచ్చి పడుతోంది. అరవై దాటిన వయసు, రక్తం తక్కువ, కిడ్నీ దెబ్బ, కాల్షియం ఎక్కువ: ఈ నాలుగూ కలిస్తే మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్ కాదని తేల్చుకోకుండా ఏ డాక్టరూ నిద్రపోకూడదు. ఆ పరీక్షలకు రక్తం పంపాం, రెండు మూడు రోజుల్లో ఏమీ లేదని వచ్చింది. మన దేశంలో టీబీ వల్ల కూడా కాల్షియం పెరుగుతుంది. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, జ్వరం చరిత్ర లేదు. ఈలోగా ఒంట్లో విటమిన్ డి ఎంతుందో చెప్పే 25-హైడ్రాక్సీ విటమిన్ డి ఫలితం వచ్చింది. ల్యాబ్ యంత్రం కొలవగలిగిన హద్దు 150. రిపోర్టులో "150 కంటే ఎక్కువ" అని మాత్రమే ఉంది.

సంచిలో ఏముంది

మందులన్నీ తెమ్మంటే ఆవిడ నా చీటీలో ఉన్నవే తెచ్చారు. షుగర్ బిళ్లలు, బీపీ బిళ్ల, కొలెస్టరాల్ బిళ్ల. ఇంకేమీ వాడట్లేదా అని అడిగాను.

"లేదు సార్."

"బలానికేమైనా?"

"ఆఁ, అవి మందులు కాదుగా. బలానికి వాడుతున్నా."

మర్నాడు కోడలు ఇంటికెళ్లి చక్కెర సంచి ఒకటి పట్టుకొచ్చింది. మంచం మీద బోర్లించి ఒక్కోటీ చూశాం. స్ట్రిప్ మీద పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, లోపల ఏముందో మాత్రం వెనకవైపు వెండి రేకు మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఆ అమ్మాయి ఫోన్ కెమెరా పెట్టి పెద్దది చేసి చదివి వినిపిస్తుంటే నేను రాసుకున్నాను.

60,000 యూనిట్ల విటమిన్ డి పొడి ప్యాకెట్లు, వారానికి ఒకటి. కాల్షియం బిళ్లలు, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. నమిలే విటమిన్ సి బిళ్లలు, 500 మిల్లీగ్రాములవి, కరోనా రోజుల్లో మొదలుపెట్టి మానలేదు. "నరాల బిళ్ల", అరికాళ్ల మంటకి రోజుకు రెండు. డాలస్‌లో ఉన్న కొడుకు పంపిన మల్టీవిటమిన్ డబ్బా, చారెడు బిళ్లలు ఇంకా అడుగున ఉన్నాయి. అదే పార్సిల్లో వచ్చిన జుట్టుకు మంచిదనే జెల్లీ మిఠాయిలు.

సంచిలో లేనిది ఇంకోటి ఉంది. దాని గురించి ఎవరూ చెప్పేవాళ్లు కాదేమో, ఆవిడ నడుము పక్కన సూది గుచ్చిన చోట గట్టిపడిన గడ్డలు నర్సు చూడకపోయుంటే. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర మోకాళ్ల నొప్పులకు "ఎముకల ఇంజెక్షన్" వేయించుకున్నారు. నెలకొకటి చొప్పున నాలుగు. కోడలు ఫోన్ చేసి అడిగితే ఆయన ఏమీ దాచకుండా ఖాళీ పెట్టె ఫొటో వాట్సాప్‌లో పంపించాడు. నూనెలో కలిపిన కొలికాల్సిఫెరాల్, అంటే విటమిన్ డి3. ఒక్కో ఆంప్యూల్ 6,00,000 యూనిట్లు.

36 లక్షల యూనిట్లు

అసలు కథ ఎక్కడ మొదలైందో తర్వాత తెలిసింది. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లి డెబ్భై ఎనభై పరీక్షలు ఒకే ధరకు చేసే ప్యాకేజీలు ఉన్నాయిగా, కొడుకు అమెరికా నుంచే ఒకటి బుక్ చేశాడు. విటమిన్ డి 17 అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. అక్కడ కొడుక్కి టెన్షన్, ఇక్కడ తల్లికి టెన్షన్. ఎముకల డాక్టరుకు చూపిస్తే ఆయన వారానికొక 60,000 ప్యాకెట్ చొప్పున ఎనిమిది వారాలు రాశారు. ఆ చీటీలో తప్పేమీ లేదు. లోపం ఉన్నప్పుడు మామూలుగా రాసేది అదే, 3బి దశలో కూడా అలా సరిచేయొచ్చు. కానీ ఎనిమిది వారాలయ్యాక ఎవరూ ఆపమనలేదు. పాత చీటీ చూపిస్తే మందుల షాపులో ఇస్తూ పోయారు. ఐదు నెలల్లో ఇరవై ప్యాకెట్లు అయిపోయాయి. అంటే 12 లక్షల యూనిట్లు.

ఇంజెక్షన్లు నాలుగూ కలిపి 24 లక్షలు. రెండూ కలిస్తే 36 లక్షలు. మన ఐసీఎంఆర్ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 600 యూనిట్లు. ఆ లెక్కన అది పదహారేళ్ల కోటా. ఐదు నెలల్లో ఒంట్లోకి వెళ్లింది.

ఇక్కడ తోటి డాక్టర్లు కొందరు ఒక మాట అంటుంటారు. విటమిన్ డి పనిచేయాలంటే చివరి మెట్టు కిడ్నీలోనే జరగాలి కదా, కిడ్నీ పాడైనవాళ్లకు ఎంతిచ్చినా విషమయ్యే అవకాశం తక్కువ కదా అని. సగమే నిజం. లివర్‌లో తయారైన 25-హైడ్రాక్సీ రూపాన్ని కిడ్నీ కాల్సిట్రయాల్‌గా మారుస్తుంది, నిజమే. కానీ 25-హైడ్రాక్సీ మోతాదు మించి పోగుపడితే అది తనంతట తానే కాల్సిట్రయాల్ అతుక్కోవాల్సిన రిసెప్టర్‌కు అతుక్కుని పనిచేయడం మొదలెడుతుంది. రక్తంలో కాల్సిట్రయాల్‌ను మోసే ప్రోటీన్ నుంచి దాన్ని నెట్టేసి వదులు చేస్తుంది కూడా. కిడ్నీ చెయ్యాల్సిన పని లేకుండానే కాల్షియం పెరుగుతుంది. పైగా ఆ పెరిగిన కాల్షియంను బయటికి పంపే శక్తి మామూలు మనిషికి ఉన్నంత ఈ రోగికి లేదు.

ఈవిడ విషయంలో ఆ చివరి మెట్టు కూడా బిళ్ల రూపంలో దొరికింది. కాల్షియం స్ట్రిప్ వెనక చదివితే అందులో కాల్షియం 500 మిల్లీగ్రాములతో పాటు కాల్సిట్రయాల్ 0.25 మైక్రోగ్రాములు ఉంది. ఇది అన్నింటికంటే చురుకైన రూపం. కిడ్నీ జబ్బులో దీన్ని ఎవరికి ఇవ్వాలో గట్టి నియమాలున్నాయి. అంతర్జాతీయ కిడ్నీ నిపుణుల సంస్థ కేడీఐజీఓ 2017 మార్గదర్శకాలు డయాలిసిస్‌కు రాని రోగులకు దీన్ని మామూలుగా వాడొద్దనీ, నాలుగు, ఐదు దశల్లో పారాథైరాయిడ్ హార్మోన్ బాగా పెరిగిపోతున్నవాళ్లకే ఉంచుకోమనీ చెబుతున్నాయి. అదే కాల్సిట్రయాల్ మన మందుల షాపుల్లో "కాల్షియం బిళ్ల" పేరుతో ఏ అనుమానమూ లేకుండా అమ్ముడుపోతోంది. ఏ కాల్షియం బిళ్లలో మామూలు డి3 ఉంది, దేనిలో కాల్సిట్రయాల్ ఉంది అన్నది పేరు చూస్తే తెలియదు. నన్నడిగితే కిడ్నీ రోగి ఇంట్లో చదవాల్సిన మొదటి అక్షరాలు ఆ స్ట్రిప్ వెనకవే.

కాల్షియం లెక్క కూడా వేశాం. బిళ్లల్లో రోజుకు 1000 మిల్లీగ్రాములు. ఇంట్లో గేదె ఉంది, పాలూ పెరుగూ కలిపి అర లీటరు పైనే. అది మరో 600 పైమాట. కిడ్నీ జబ్బు మూడు, నాలుగు దశల్లో ఆహారం, మందులు అన్నీ కలిపి 800 నుంచి 1000 చాలని అమెరికా కిడ్నీ నిపుణుల 2020 కేడీఓక్యూఐ ఆహార మార్గదర్శకాలు అంటున్నాయి.

చివరి చెయ్యి బీపీ బిళ్లది. టెల్మిసార్టాన్ పేరు చివర "హెచ్" ఉంది, అంటే హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన బిళ్ల. ఆ మందు మూత్రంలో పోవాల్సిన కాల్షియంను పట్టి వెనక్కి పంపుతుంది. విడిగా చూస్తే అది మంచి మందే, ఏళ్లుగా ఏ ఇబ్బందీ పెట్టలేదు. కానీ తలుపులన్నీ తెరిచి కాల్షియం లోపలికి పంపుతున్న వేళ బయటికి పోయే దారిని అది మూస్తూ కూర్చుంది.

బయోటిన్ పెట్టిన మెలిక

జుట్టు మిఠాయిల డబ్బా మీద ఒక్కోదానిలో బయోటిన్ 5000 మైక్రోగ్రాములని ఉంది. ఆవిడ రోజుకు రెండు తింటున్నారు. మనిషికి రోజుకు 30 మైక్రోగ్రాములు సరిపోతుంది. బయోటిన్ ఒంటికి చేసే చెడు పెద్దగా లేదు, కానీ ల్యాబ్ పరీక్షలను పక్కదారి పట్టిస్తుంది. చాలా యంత్రాల్లో హార్మోన్ పరీక్షలు బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే రెంటి అతుకు మీద నడుస్తాయి. రక్తంలో బయోటిన్ ఎక్కువుంటే పీటీహెచ్, టీఎస్‌హెచ్ లాంటివి లేనంత తక్కువగా కనపడతాయి, విటమిన్ డి లాంటివి ఉన్నదానికంటే ఎక్కువగా కనపడొచ్చు. అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే దీని మీద హెచ్చరిక చేసింది. బయోటిన్ మూత్రంలోనే పోవాలి కాబట్టి కిడ్నీ రోగుల రక్తంలో ఇంకా ఎక్కువ సేపు ఉండిపోతుంది.

మన కేసుకు ఇది సూటిగా తగులుతుంది. పీటీహెచ్ తక్కువ, విటమిన్ డి ఎక్కువ: మేం ఆధారపడిన రెండు ఫలితాలూ సరిగ్గా బయోటిన్ తప్పుదారి పట్టించే దిక్కులోనే ఉన్నాయి. అయితే కాల్షియంకూ క్రియాటినిన్‌కూ వాడే పరీక్షా పద్ధతి వేరు, వాటిని బయోటిన్ ముట్టుకోదు. ఈసీజీకి అసలు దాంతో పనే లేదు. అందుకని చికిత్స ఆపలేదు. మిఠాయిలు మాన్పించి, వారం తర్వాత మళ్లీ రక్తం పంపాం. పీటీహెచ్ 8, విటమిన్ డి మళ్లీ 150 పైనే. దాంతో ఆ సందేహం తీరింది. కిడ్నీ రోగి థైరాయిడ్ రిపోర్టు అర్థం పర్థం లేకుండా వస్తే "జుట్టుకేమైనా వాడుతున్నారా" అని ఇప్పుడు మా ల్యాబ్ అమ్మాయే అడుగుతోంది.

చికిత్స

సంచి మొత్తం పక్కన పెట్టాం. హెచ్ ఉన్న బీపీ బిళ్ల ఆపాం, కిడ్నీ కోలుకునేదాకా టెల్మిసార్టాన్ కూడా. ఈజీఎఫ్‌ఆర్ 15కి పడిపోయిన మనిషికి మెట్‌ఫార్మిన్ ఇవ్వకూడదు, కాబట్టి షుగర్‌కు ఇన్సులిన్ మొదలుపెట్టాం. సెలైన్ ఎక్కించాం, గుండె మీద భారం పడకుండా రెండు పూటలా బరువూ ఊపిరితిత్తులూ చూసుకుంటూ. మూడో రోజుకు కాల్షియం 11.8కి దిగింది. మగత తగ్గి, నర్సును ఇంటి పేరు అడిగి చుట్టరికం కలిపేశారు.

మగత అంతా కాల్షియం పుణ్యమే కాదు. నరాల బిళ్ల వెనక చదివితే మిథైల్‌కోబాలమిన్‌తో పాటు ప్రీగాబలిన్ 75 మిల్లీగ్రాములు ఉంది. దాన్ని కుటుంబమంతా బి12 విటమిన్ అనే అనుకుంటున్నారు. ప్రీగాబలిన్ దాదాపు మొత్తం కిడ్నీ ద్వారానే పోవాలి. కిడ్నీ పని తగ్గినకొద్దీ మోతాదు సగానికి, పావుకి తగ్గించాలి. లేకపోతే మగత, తూలుడు, వేళ్లు అదరడం. ఆపిన నాలుగో రోజుకు వేళ్ల అదురు పోయింది.

సెలైన్‌తో వచ్చేంత తగ్గుదల వచ్చి కాల్షియం 11.5 దగ్గర నిలబడిపోయింది. ఇలాంటప్పుడు ఎముకల నుంచి కాల్షియం కరగకుండా మామూలుగా వాడే జోలెడ్రోనిక్ యాసిడ్‌ను ఇంత తక్కువ ఈజీఎఫ్‌ఆర్‌లో ఇవ్వడం నాకిష్టం లేదు. విటమిన్ డి విషమించిన కేసుల్లో స్టెరాయిడ్ బాగా పనిచేస్తుంది, పేగుల్లో కాల్షియం పీల్చుకోవడాన్ని తగ్గిస్తుంది. ప్రెడ్నిసొలోన్ 30 మిల్లీగ్రాములు మొదలుపెట్టాం. షుగర్ మూడు వందలు దాటింది, అది తెలిసే దిగాం, ఇన్సులిన్ పెంచి నడిపాం. తొమ్మిదో రోజుకు కాల్షియం 10.6, క్రియాటినిన్ 2.5. ఇంటికి పంపాం.

అక్కడితో అయిపోలేదు. విటమిన్ డి కొవ్వులో దాక్కుంటుంది, నెలల తరబడి కొద్దికొద్దిగా రక్తంలోకి వదులుతూ ఉంటుంది. స్టెరాయిడ్ తగ్గించుకుంటూ వచ్చి ఆరో వారంలో దాదాపు ఆపేసే దశలో కాల్షియం మళ్లీ 11.1. వారంవారం రక్తం చూస్తున్నాం కాబట్టి దొరికింది. తక్కువ మోతాదు మళ్లీ మొదలుపెట్టి మరో నెల నడపాల్సి వచ్చింది. మూడు నెలలకు విటమిన్ డి 124. అప్పటికి క్రియాటినిన్ 1.9 దగ్గర ఆగింది, అక్కడి నుంచి కిందికి రాలేదు. ఈజీఎఫ్‌ఆర్ 30. ఈ గొడవకు ముందు 36 ఉన్నదాంట్లో ఆరు పాయింట్లు పోయాయి. మామూలు నడకలో అది రెండు మూడేళ్ల నష్టం.

మరి ఏ విటమిన్ వాడొచ్చు?

ఇంటికెళ్లే రోజు కొడుకు వీడియో కాల్‌లోకి వచ్చాడు. "డాక్టర్ గారూ, అమ్మకు ఏ విటమినూ వద్దంటారా? అన్నం కూడా సరిగా తినట్లేదు" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. అన్నీ మానెయ్యమనడం నా ఉద్దేశం కాదు. కిడ్నీ జబ్బులో విటమిన్ కూడా బీపీ బిళ్లలాంటి మందే: ఎందుకు, ఎంత, ఎన్నాళ్లు, ఏ పరీక్ష చూసి ఆపాలి అన్నవి రాసి ఉండాలి. ఆ నాలుగూ చీటీలో లేకపోతే అది మొదలుపెట్టకూడదు.

విటమిన్ ఎ విషయంలో నేను గట్టిగా ఉంటాను. దాన్ని మోసే ప్రోటీన్ కిడ్నీ జబ్బులో బయటికి పోక రక్తంలోనే ఉండిపోతుంది, అందుకని ఈ రోగుల్లో విటమిన్ ఎ అసలే ఎక్కువగా ఉంటుంది. పైన మల్టీవిటమిన్‌లోది తోడైతే ఎముకలకు చేటు, కాల్షియం పెరగడానికి అదీ ఒక కారణం. ఈవిడకు విటమిన్ ఎ పరీక్ష చేయించలేదు. ఫలితం ఏదొచ్చినా చేసేది ఒక్కటే, డబ్బా ఆపడం. మామూలు మనుషుల కోసం తయారైన మల్టీవిటమిన్లలో దాదాపు అన్నింటిలో ఎ ఉంటుంది. కొన్నిట్లో పొటాషియం, ఫాస్ఫరస్, మెగ్నీషియం కూడా, దెబ్బతిన్న కిడ్నీ వీటిని సరిగా బయటికి పంపలేదు.

విటమిన్ సి గురించి చెబితే ఎవరూ నమ్మరు, నిమ్మకాయలో ఉండేదేగా అంటారు. ఒంట్లో మిగిలిపోయిన విటమిన్ సి ఆక్సలేట్‌గా మారుతుంది. ఆక్సలేట్ కిడ్నీ ద్వారానే పోవాలి, పోలేనప్పుడు అక్కడే పేరుకుంటుంది. ఎక్కువ మోతాదు విటమిన్ సి వల్ల కిడ్నీ పాడైన కేసులు వైద్య సాహిత్యంలో కొత్తవి కావు. ఆడవాళ్లకు రోజుకు 75, మగవాళ్లకు 90 మిల్లీగ్రాములు చాలు, ఒక జామకాయలో అంతకు మించే ఉంటుంది. పొటాషియం ఎక్కువున్నవాళ్లు మాత్రం పండ్ల సంగతి విడిగా అడిగి తెలుసుకోవాలి. నీళ్లలో వేస్తే బుసబుస పొంగే బిళ్లలతో ఇంకో చిక్కు: ఒక్కోదాంట్లో రెండు మూడు వందల మిల్లీగ్రాముల సోడియం ఉండొచ్చు. కూరలో ఉప్పు మానేసి గ్లాసులో తాగినట్టు.

బి విటమిన్లు ఎంత వాడినా మూత్రంలో పోతాయిలే అనేది మూత్రం సరిగ్గా వడపోసే కిడ్నీ ఉన్నవాళ్ల మాట. షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిన్న 238 మంది మీద కెనడాలో చేసిన అధ్యయనం ఒకటి 2010లో వచ్చింది. ఫోలిక్ యాసిడ్ 2.5, బి6 25, బి12 ఒక మిల్లీగ్రాము చొప్పున రోజూ ఇస్తే కిడ్నీకి మేలు జరుగుతుందేమోనని చూశారు. జరిగింది తారుమారు. మూడేళ్లలో ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవాళ్ల జీఎఫ్‌ఆర్ (కొలిచి చూసిన కిడ్నీ వడపోత) సగటున 10.7 తగ్గితే, విటమిన్లు వేసుకున్నవాళ్లకు 16.5 తగ్గింది. గుండెపోటు, పక్షవాతం లాంటివి కూడా వీళ్లలోనే ఎక్కువ. మన దగ్గర ఫోలిక్ యాసిడ్ బిళ్ల 5 మిల్లీగ్రాములు, అంటే ఆ అధ్యయనంలో ఇచ్చినదానికి రెట్టింపు. లోపం ఉన్నట్టు తేలకుండా అది రోజూ మింగే పని లేదు.

అలాగని బి12 అక్కర్లేదని కాదు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడినవాళ్లకు అది తగ్గుతుంది, అరికాళ్ల మంట పెరుగుతుంది. చూసి, తక్కువుంటే ఇవ్వాలి. ఈవిడకు చూస్తే 2000 పైన ఉంది. ఇప్పట్లో అవసరం లేదు.

డయాలిసిస్ రోగుల లెక్క వేరు. యంత్రం నీటిలో కరిగే విటమిన్లను మలినాలతో పాటు కడిగేస్తుంది. తిండి కూడా అంతంత మాత్రంగానే ఉంటుంది. వాళ్లలో చాలామందికి ఫోలిక్ యాసిడ్ సుమారు ఒక మిల్లీగ్రాము, బి6 10, సి 60 నుంచి 100 ఉండే కిడ్నీ విటమిన్ బిళ్ల రాస్తాం. డయాలిసిస్ రోజున అది యంత్రం దిగాక వేసుకోవాలి, ముందు వేసుకుంటే యంత్రానికి వేసినట్టే. పక్క మంచం రోగి వాడుతున్నాడని డయాలిసిస్‌కు రాని బంధువు అదే బిళ్ల కొనుక్కుని వెళ్లడం నేను చూస్తూనే ఉంటాను.

మునగాకు పొడి, ప్రోటీన్ పొడి గురించి కూడా కొడుకు అడిగాడు. మునగాకు పొడిలో పొటాషియం దండిగా ఉంటుంది, ప్రోటీన్ పొడుల్లో ఫాస్ఫరస్. చెట్టు నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అన్నది కిడ్నీ చూడదు. అన్నం సరిగా తినకపోవడానికి కాల్షియమే కారణం, అది దిగితే ఆకలి వస్తుందని చెప్పాను. రెండు వారాల్లో వచ్చింది.

ఇప్పుడు

ఊళ్లోని ఆర్‌ఎంపీతో నేనే మాట్లాడాను. ఆయనకు 60,000 ప్యాకెట్ల సంగతి తెలియదు, ఎముకల డాక్టరుకు ఇంజెక్షన్ల సంగతి తెలియదు, కొడుక్కి రెండూ తెలియవు. మందుల షాపతనికి కొన్నే తెలుసు. ఎవరికి వారు తమ చేతిలో ఉన్నది చూసి ఇచ్చారు. అందుకని మా క్లినిక్‌లో చీటీ మీద ఒక గడి చేర్చాం, "బలానికి వాడేవి" అని. "వేరే మందులేమైనా" అన్న గడి ఎప్పుడూ ఖాళీగా ఉండేది, ఇది నిండుతోంది.

మోకాళ్ల నొప్పి అలాగే ఉంది. కనిగిరి వైపు కాబట్టి నీళ్లలో ఫ్లోరైడ్ అనుమానంతో ఎక్స్‌రేలు తీయించాం, అరుగుదల తప్ప వేరే ఏమీ కనపడలేదు. విటమిన్ డి 17 ఉన్నా, 150 దాటినా ఆ నొప్పిలో తేడా రాలేదని ఆవిడే అన్నారు. తొడ కండరాలకు వ్యాయామం నేర్పించాం, నొప్పి ఎక్కువైన రోజు పారాసిటమాల్. కొట్లో పీట తీసేసి ఎత్తు కుర్చీ వేయించారు.

ఎనిమిదో నెల పరీక్షల్లో కాల్షియం 9.6, క్రియాటినిన్ 1.9, పీటీహెచ్ 71, విటమిన్ డి 58. ప్రస్తుతం ఏ విటమినూ లేదు. టెల్మిసార్టాన్ హెచ్ లేకుండా మళ్లీ మొదలైంది, దాంతో ఆమ్లోడిపిన్. మూడు నెలల తర్వాత విటమిన్ డి మళ్లీ చూస్తాం. 30 కిందికి వస్తే రోజుకు 1000 యూనిట్లు, మూడు నెలలు, ఆ తర్వాత కాల్షియం, పీటీహెచ్ చూసుకుని ఆపడమో కొనసాగించడమో. ఈ వాక్యాన్ని ఉన్నదున్నట్టు చీటీ మీద తెలుగులో రాసి, డాలస్‌కు ఫొటో పంపించమని కోడలికి చెప్పాను.